వినోదానికి హాజరు తప్పనిసరి

పోయిన వారం మా పెదనాన్నగారి చిన్న కోడలు నాకో వాట్సాప్ మెసేజ్ పంపింది. ఆ అమ్మాయి భర్త, అంటే మా తమ్ముడు, ఆర్మీలో నాయక్ (సిపాయికి కాస్త పై ర్యాంకు), ఉత్తరాదిలో ఏదో కంటోన్మెంటులో పోస్టింగు. యూనిట్ పేరు చెప్తే వాడి ఉద్యోగానికి ఎసరొస్తుంది కాబట్టి చెప్పను. మెసేజ్ వాళ్ళ లేడీస్ గ్రూపులోది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఫ్యామిలీ వెల్ఫేర్ మీట్, అందరూ సరదాగా గడపాలి, చీరల్లోనే రావాలి, రాని వాళ్ళ భర్తల పేర్లు సుబేదార్ మేజర్ సాబ్‌కి వెళ్తాయి. చివర్లో రెండు గులాబీలు, ఒక నమస్కారం.

నాకా గులాబీలు తెగ నచ్చాయి. కోర్టు సమన్ల మీద కూడా పెడితే బాగుంటుంది.

భార్య సరదా పడకపోతే మొగుడి పేరు రాసుకునే ఈ పద్ధతి కనిపెట్టిన మేధావి ఎవరో గానీ, వినోదరంగంలో ఆయన చేసిన సేవ తక్కువేం కాదు. పాపం మన సినిమా వాళ్ళు జనం హాళ్ళకి రావట్లేదని ఏడుస్తున్నారు, టికెట్ రేట్లు పెంచడం తగ్గించడం తప్ప ఇంకేం తోచట్లేదు వాళ్ళకి. హాజరు పట్టీ పెట్టి, రాని వాళ్ళ ఆఫీసులకి కబురు పంపితే సరిపోయేది కదా.

"అసలు అక్కడ ఏం చేస్తారమ్మా?" అని ఫోన్ చేసి అడిగాను. "సంతోషంగా ఉంటాం బావగారూ" అంది, పళ్ళు కొరుకుతూ.

ముందుగా రెండు వారాలు రిహార్సల్స్. పంజాబీ వాళ్ళకి భాంగ్రా, గుజరాతీ వాళ్ళకి గర్బా, మనకి 'సౌత్ ఇండియన్ డాన్స్'. అంటే శ్రీకాకుళం అమ్మాయి, తిరునల్వేలి అమ్మాయి, పాలక్కాడ్ అమ్మాయి కలిసి, ఒకరి భాష ఒకరికి రాక హిందీలో కొట్టుకుంటూ, ఎవరికీ తెలియని పాటకి తల్లో పూలు పెట్టుకుని గెంతాలి. మీట్ రోజు మధ్యాహ్నం రెండున్నరకే క్వార్టర్ల దగ్గరికి లారీ వస్తుంది. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో లారీ వెనకతలుపు పట్టుకుని పైకెక్కడం చూస్తే, సైనిక శిక్షణ భర్తకొక్కడికే ఇచ్చారని ఎవరూ అనరు. హాల్లో ముందు వరస సోఫాలు, తెల్లటి కవర్లు, అవి ఆఫీసర్ల భార్యలవి. తర్వాత కుషన్ కుర్చీలు జేసీవోల, అంటే జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య ర్యాంకు వాళ్ళ, భార్యలవి. ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీలు. వీళ్ళలో ఒక్కరు కూడా సైన్యంలో చేరలేదు, ప్రమాణం చేయలేదు, తుపాకీ ముట్టలేదు. అయినా ర్యాంకు మాత్రం తాళిబొట్టుతో పాటే వచ్చి మెడలో పడింది.

నాలుగింటికి మొదలవ్వాల్సిన మీట్, యూనిట్ పెద్ద సీవో సాబ్ గారి భార్య, అదే మేమ్‌సాబ్, వచ్చేసరికి అయిదవుతుంది. అందరూ లేచి నిలబడాలి. బొకే. చప్పట్లు. తర్వాత మేమ్‌సాబ్ పొదుపు గురించి ప్రసంగిస్తారు. నాయక్ జీతంలో ఇద్దరు పిల్లల్ని చదివిస్తూ ఊళ్ళో అత్తగారి మందులకి డబ్బు పంపే ఆడమనిషికి పొదుపు నేర్పడం! ఆ తర్వాత ఒక్క నిమిషం ఆట: అద్దం మీద ఎవరు ఎక్కువ బొట్టుబిళ్ళలు అంటిస్తే వాళ్ళకి టిఫిన్ బాక్సు. తర్వాత తంబోలా. సమోసా, బర్ఫీ ముక్క ఉన్న అట్టపెట్టె చేతికిచ్చి, ఇవ్వగానే రిజిస్టర్లో సంతకం. సంతకం పెట్టాక సంతోషం అధికారికంగా పూర్తయినట్టు.

ఈ సంక్షేమానికంతా పెద్ద దిక్కయిన సంఘం 'ఆవా', ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ అనే పేరుతో 1966లో పుట్టింది. వీరనారులకి, అంటే అమరులైన సైనికుల భార్యలకి, ఆసరా, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఆశా స్కూళ్ళు, ఈ మంచి పనులు నేను కాదనను. కానీ దానికి అధ్యక్షురాలు ఎప్పుడూ ఆర్మీ చీఫ్ గారి భార్యే. ఆ కుర్చీ ఎక్కాలంటే ముందు సంబంధం చూసుకోవాలి, నలభయ్యేళ్ళు ఆగాలి.

ఇది ఆడవాళ్ళ వినోదం. సాబ్‌ల వినోదానికి స్థలం కాస్త ఎక్కువ కావాలి. 2011లో పార్లమెంటు ముందుకొచ్చిన, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక చూడండి: రక్షణ భూముల్లో 97 ఆర్మీ గోల్ఫ్ కోర్సులు, 8,076 ఎకరాలు. గోల్ఫ్ కోర్సు అంటే బాగోదని కాగితాల మీద 'ఎన్విరాన్‌మెంటల్ పార్క్ అండ్ ట్రైనింగ్ ఏరియా' అన్నారు. గోల్ఫ్ కార్టుల్ని 'ట్రాక్ అలైన్‌మెంట్ రీకండిషనింగ్ మెషీన్' అని రాసి కొన్న వైనాన్ని కూడా కాగే పట్టుకుంది. నేను రైల్వే వాళ్ళదేమో అనుకున్నాను మొదట. ఇంకో ముచ్చట, ఈ కోర్సుల్లో బయటివాళ్ళకీ విదేశీయులకీ కూడా సభ్యత్వాలిచ్చారట. సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టుపక్కల వాళ్ళకి ఇది చదివితే ఒళ్ళు మండుతుంది. భద్రత పేరు చెప్పి రోడ్లు మూసేస్తే ఏళ్ళ తరబడి చుట్టూ తిరిగిన జనం వాళ్ళు. 2018లో రక్షణ శాఖ తెరవమని చెప్పేదాకా వాళ్ళ మొర విన్నవాడు లేడు. స్కూటర్ మీద లంచ్ బాక్సు పెట్టుకుని పోయే గుమస్తా వల్ల దేశానికి ముప్పు, ఫీజు కట్టి బంతి కొట్టే విదేశీయుడి వల్ల లేదు!

మరి జవాన్‌కి వినోదం లేదా అంటే, ఉంది. సాబ్ గారి బంతి వెతకడం, కుక్కని తిప్పడం, పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కించడం. సహాయక్ అంటారు ఆ ఉద్యోగాన్ని. 2008లో పార్లమెంటు స్థాయీ సంఘం సైన్యంలో ఒత్తిడి మీద నివేదిక రాస్తూ ఈ పద్ధతి సిగ్గుచేటు అంది. సిగ్గు ఎవరికి కలిగిందో నాకైతే కనబడలేదు.

ఒత్తిడి మాట వచ్చింది కాబట్టి ఇక నవ్వులు వద్దు. 2022లో ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది: ఐదేళ్ళలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారు, ఒక్క ఆర్మీలోనే 642. శత్రువు తూటాకి కాదు. ఏం చేస్తున్నారయ్యా అని అడిగితే ప్రతిసారీ అదే జాబితా చదువుతారు: యోగా, ధ్యానం, కౌన్సెలింగ్, వినోద సదుపాయాలు. ఊళ్ళో పొలం గట్టు తగాదా నడుస్తుంటే, తండ్రి ఆసుపత్రిలో ఉంటే, భార్య ఫోన్లో ఏడుస్తుంటే, వాడికి కావాల్సింది తంబోలా టికెట్టా? లీవు కావాలి! ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ అని రూల్ బుక్కులో ఉంది. అది మేలూ కాదు, దయా కాదు, వాడికి దక్కాల్సింది. తాడేపల్లిగూడెం దగ్గర సైనికుల ఊరు మిలిటరీ మాధవరం వెళ్ళి ఏ ఇంటి అరుగు మీదైనా కూర్చుని అడగండి, సెలవు దొరక్క చెల్లెలి పెళ్ళి తప్పిపోయినవాడు, తండ్రి తలకొరివికి అందనివాడు ఎందరో చెప్తారు. పెళ్ళాం పిల్లలు దగ్గరుంటే అంతకంటే పెద్ద రిక్రియేషన్ ఏముంది? దానికి ఇల్లుండాలి కదా. దాదాపు 2 లక్షల క్వార్టర్లు నాలుగేళ్ళలో కట్టేస్తామని 2002లో పథకం పెట్టారు. ఇరవయ్యేళ్ళు దాటినా ఆ లెక్క పూర్తి కాలేదు. మా తమ్ముడికి క్వార్టర్ దొరకడానికి ముందు పెళ్ళయ్యాక మూడేళ్ళు వీడియో కాల్లోనే కాపురం చేశాడు, ఇప్పుడు దొరికింది కదా అని ఆ అమ్మాయిని లారీ ఎక్కిస్తున్నారు.

కాబట్టి రక్షణ శాఖ వారికి నాదో విన్నపం. ఆ మిగిలిన క్వార్టర్లు కట్టే పని గోల్ఫ్ కమిటీలకి ఇచ్చేయండి. నిధులకి కొదవ రాదు, స్థలం రెడీగా ఉంది, చదును కూడా చేసి ఉంది. కాగితం మీద కావాలంటే 'ట్రైనింగ్ ఏరియా' అనే రాసుకోండి, మేమెవరం నోరెత్తం.