యాడ్-ఇన్ మళ్ళీ మాయం
అవుట్‌లుక్ అనే డెస్క్‌టాప్ మెయిల్ క్లయింట్‌కి యాడ్-ఇన్ (అందులో కొత్త బటన్లు, పనులు చేర్చే చిన్న ప్రోగ్రామ్) రాసేవాళ్ల బాధ ఎవరికీ పట్టదండీ. లోడ్ అయ్యేటప్పుడు ఒక్క ఎక్సెప్షన్ (కోడ్ నడుస్తుండగా వచ్చే ఎర్రర్) తప్పించుకుని బయటికొచ్చిందా, విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో లోడ్‌బిహేవియర్ అనే విలువ 3 కాస్తా 2 అయిపోతుంది, ఇక ఆ తర్వాత ఎన్నిసార్లు ఓపెన్ చేసినా దానంతటది లోడ్ అవ్వదు, యూజర్‌కి మాత్రం బటన్ పోయిందనే తెలుసు కాబట్టి తిట్లన్నీ మనకే. అవుట్‌లుకూ, యాడ్-ఇన్‌ని ఎందుకు ఆపావో ఆ యూజర్‌కి అర్థమయ్యే భాషలో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా! 32 బిట్, 64 బిట్ గొడవ సరే, ఇన్‌స్టాలర్ రెండు చేస్తే సరిపోతుంది. అసలు కడుపు మండేది ఎక్కడంటే, ఇన్నేళ్లు సి షార్ప్‌లో రాసి, కామ్ ఆబ్జెక్ట్‌లు (మెయిల్, ఫోల్డర్ లాంటివాటిని కోడ్‌కి అందించేవి) ఒక్కొక్కటీ మెమరీలోంచి రిలీజ్ చేసుకుంటూ నిలబెట్టిన కోడ్ కొత్త అవుట్‌లుక్‌లో అసలు నడవదంట, జావాస్క్రిప్ట్‌లో మొదట్నుంచి రాసుకోవాలంట. పాత ఏపీఐలో (అవుట్‌లుక్‌తో పని చేయించుకోడానికి కోడ్‌కి ఇచ్చే కమాండ్‌లలో) ఉన్నవన్నీ ఈ కొత్తదాంట్లో లేవు కూడా, మరి వాటిని నమ్ముకున్న యూజర్లకి మేం ఏం చెప్పాలి?