మహారాజశ్రీ కాన్ఫిగర్ గారి దివ్యసముఖానికి

సోర్సు కోడ్ నుంచి ప్రోగ్రామ్ కట్టేముందు యంత్రంలో కావలసినవి ఉన్నాయో లేదో అడిగి చూసే స్క్రిప్టు, మహారాజశ్రీ డాట్ స్లాష్ కాన్ఫిగర్ గారికి, టెర్మినల్ ముందు కూర్చున్నవాళ్లు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి.

ఇక్కడ అందరం క్షేమం. ఎస్‌టీడీలిబ్.హెచ్ అనే సీ భాష హెడర్ ఫైలు కూడా క్షేమమే. ఎలాగూ అడుగుతారు కదా అని ముందే చెబుతున్నాం. ఎస్‌టీడీఐఓ.హెచ్, స్ట్రింగ్.హెచ్ కూడా కులాసాగానే ఉన్నాయి. 1989లో సీ భాషకు ప్రమాణం ఖరారైనప్పుడే ఈ ముగ్గురూ మామూలు కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చేది) ఉన్న ఏ ఇంట్లోనైనా ఉండి తీరాలని రాసేశారు. అయినా మీరు గుమ్మం ఎక్కగానే పేరుపేరునా వాకబు చేస్తారు. చిన్న టూల్ కట్టినా అడుగుతారు, పెద్దది కట్టినా అడుగుతారు, నిన్న కట్టినదాన్నే ఇవాళ మళ్లీ కట్టినా అడుగుతారు.

మీ పుట్టుక తెలియక ఆడుతున్న మాటలు కావివి. 1991లో డేవిడ్ మెకెంజీ మిమ్మల్ని పుట్టించే ఆటోకాన్ఫ్ మొదలుపెట్టిన రోజుల్లో సన్‌ఓఎస్, అల్ట్రిక్స్, ఏఐఎక్స్, హెచ్‌పీ-యూఎక్స్, ఐరిక్స్ అన్నీ యూనిక్స్ వంశమే, ఒక్కో ఇంటిది ఒక్కో ఆచారం. ఒక ఇంట్లో ఉన్న ఫంక్షన్ పక్కింట్లో లేదు, ఉన్నా వేరే పేరుతో ఉంది, పేరు ఒకటే అయినా చేసే పని వేరు. అడిగి తెలుసుకునేవాడు ఒకడు కావలసి వచ్చింది, మీరు వచ్చారు. ఆ ఇళ్లలో చాలావాటికి ఎప్పుడో తాళాలు పడ్డాయి. మీ ప్రశ్నల చిట్టా మాత్రం పెద్దగా చిక్కలేదు.

అడిగే పద్ధతి కూడా చిత్రమే. ఒక ఫంక్షన్ ఉందో లేదో తేల్చాలంటే కాన్ఫ్‌టెస్ట్.సీ అని ఓ బుల్లి ప్రోగ్రామ్ రాస్తారు. అందులో ఆ ఫంక్షన్‌ను, అది నిజంగా ఏం తిరిగిచ్చినా సరే, ‘చార్ ఇస్తుంది’ అని ప్రకటిస్తారు. అబద్ధమని మీకూ తెలుసు. కంపైలైన ముక్కలను అతికించే లింకర్‌కు కావలసింది పేరు ఒక్కటే కాబట్టి లింక్ అయితే ‘ఉంది’, కాకపోతే ‘లేదు’. ఫైలు చెరిపేసి తర్వాతి ప్రశ్న. ఇలా వందల సార్లు కంపైలర్‌ను లేపి, పడుకోబెట్టి, మళ్లీ లేపుతారు. అన్నీ వరసలోనే, ఒకటి ముగిస్తే గానీ రెండోది లేదు. పదహారు కోర్ల యంత్రంలో పదిహేను కోర్లు గోడకు ఆనుకుని చూస్తుంటాయి. చిన్న ప్రాజెక్టుల్లో అసలు కంపైల్ కన్నా మీ పలకరింపులకే ఎక్కువ సమయం పడుతుంది. పెళ్లి కంటే పెళ్లిచూపులు పొడుగు. జవాబులు దాచుకోమని పెద్ద అక్షరం సీ ఆప్షన్ ఇస్తే కాన్ఫిగ్.క్యాష్‌లో దాచుకుంటారు, అదీ నిజమే. లైబ్రరీ కొత్తది పెట్టాక ఆ ఫైలు తీసేయడం మరిచిపోతే మాత్రం పాత జవాబే పట్టుకుని వేలాడతారు.

ఇక మీ కోపం. ‘సీ కంపైలర్ ఎగ్జిక్యూటబుల్స్ తయారుచేయలేకపోతోంది’ అని ఒక్క ముక్క అనేసి, ఆగిపోయినట్టు చెప్పే 77 నంబరు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. కారణం కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లుండే సీఫ్లాగ్స్‌లో ఒక అక్షరం తప్పు కావచ్చు, జీసీసీ కంపైలర్ ఉండి సీ భాష మూల లైబ్రరీ లిబ్‌సీ డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేకపోవడం కావచ్చు, డిస్కు నిండిపోవడమూ కావచ్చు. ‘కంపైల్ చేసిన ప్రోగ్రాములను నడపలేకపోతున్నాం, క్రాస్ కంపైలేషన్ అయితే హోస్ట్ ఆప్షన్ ఇవ్వండి’ అన్నప్పుడు, వేరే రకం యంత్రం కోసం కట్టకపోయినా, కొత్తవాళ్లు నిజంగానే హోస్ట్ ఇచ్చేసి కొత్త చిక్కులో పడతారు. కొన్నిసార్లు సంగతి అంతకంటే సాదాది. సోర్సును విప్పిన డిస్కు భాగం నోఎగ్జెక్‌తో మౌంట్ అయి ఉంటుంది, అక్కడ ఏ ప్రోగ్రామూ నడవదు. ఇంటి డైరెక్టరీలోకి మార్చుకుంటే సరి. డైరెక్టరీ పేరులో ఖాళీ ఉన్నా మీకు గిట్టదు, ‘సురక్షితం కాని పేరు’ అంటారు.

అసలు కారణం మీరు రాయకపోలేదు, కాన్ఫిగ్.లాగ్‌లో రాస్తారు. దాన్ని అందరూ చివరి నుంచి చదువుతారని తెలిసి, చివర్లో వందల పంక్తుల వేరియబుల్స్ పట్టిక కుమ్మరిస్తారు. తెలిసినవాళ్లు ‘క్యాష్ వేరియబుల్స్’ అనే పెట్టె శీర్షిక వెతికి, అక్కడి నుంచి పైకి చదువుతారు. ఆగిపోయిన ప్రశ్న, దానికి వాడిన కంపైలర్ ఆదేశం, కంపైలర్ తిట్టిన తిట్టు, ఫెయిలైన ప్రోగ్రామ్ మొత్తం అక్కడ ఉంటాయి. ఆ నాలుగు పంక్తులు తెరమీదే చూపిస్తే మీ హోదా ఏం తగ్గేది?

కావలసిన లైబ్రరీలన్నీ ఒక్కసారే చెప్పే అలవాటూ లేదు. అది తెమ్మంటారు, తెస్తే ఇంకోటి తెమ్మంటారు. మండలాఫీసులో కుల ధ్రువీకరణకు వెళ్తే రేషన్ కార్డు జిరాక్స్, అది పట్టుకెళ్తే ఆధార్ జిరాక్స్ అన్నట్టే. పైగా లైబ్రరీ యంత్రంలో ఉన్నా మీకు చాలదు, దాని హెడర్ ఫైళ్లు కావాలి. డెబియన్, ఉబుంటుల్లో అవి ‘-డెవ్’ తోక ఉన్న ప్యాకేజీల్లో, ఫెడోరా కుటుంబంలో ‘-డెవెల్’ తోక ఉన్నవాటిలో ఉంటాయి. లైబ్రరీని వేరే చోట పెట్టుకుంటే పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌లో దాని చిరునామా చెప్పే .పీసీ ఫైలున్న డైరెక్టరీ చేర్చాలి. డెబియన్‌లో ‘ఆప్ట్ బిల్డ్-డెప్’ అనే దగ్గర దారి ఒకటుంది, ప్యాకేజీ పేరిస్తే దాన్ని కట్టడానికి కావలసినవన్నీ ఒకేసారి దిగుతాయి. సోర్స్ రిపోజిటరీలు తెరిచి ఉండాలి అంతే. ఉబుంటు 24.04లో ఉబుంటు.సోర్సెస్ ఫైలు ‘టైప్స్’ పంక్తిలో డెబ్ పక్కన డెబ్-ఎస్ఆర్‌సీ చేర్చాలి.

ఇంతకీ ఈ ఉత్తరం రాసింది మీరు ఆపినందుకు కాదు. ఆపితే కనీసం ఆగామని తెలుస్తుంది. మా బాధ మీరు ఆపకుండా వదిలేసే ‘లేదు’ల గురించి.

పైథాన్ కట్టే సంగతే చూడండి. సురక్షిత కనెక్షన్లకు కావలసిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీ హెడర్లు లేవు. మీరు ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌తో లింక్ అవుతుందా... లేదు’ అని ఒక పంక్తి, ముందు వెనకల వందల ‘ఉంది’ల మధ్య గొణుగుతారు. ముందుకు సాగుతారు. మీ తర్వాత కంపైల్ చేయించే మేక్ కూడా తప్పు లేకుండా ముగుస్తుంది. చివర్లో ‘ఈ ఐచ్ఛిక మాడ్యూల్స్‌కు కావలసినవి దొరకలేదు’ అని ఓ చిన్న జాబితా, అందులో _ఎస్ఎస్ఎల్, _సీటైప్స్, _బీజెడ్2, _ఎస్‌క్యూలైట్3. అప్పటికి మనిషి కాఫీకి వెళ్లి ఉంటాడు. ఇన్‌స్టాల్ అవుతుంది, నడుస్తుంది, రెండూ రెండూ కూడమంటే నాలుగంటుంది. పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో మొదటి ప్యాకేజీ తెమ్మన్నప్పుడు ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ లేదంటుంది. పెళ్లికి వచ్చిన జనమంతా భోజనాలు చేసి వెళ్లాక పెళ్లికొడుకు రాలేదని చెప్పినట్టు.

సెంటాస్ 7లో ఇది ఇంకో మెలిక తిరిగింది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఉంది, హెడర్లూ ఉన్నాయి, అయినా ‘లేదు’. పైథాన్ 3.10 నుంచి కనీసం 1.1.1 వెర్షన్ కావాలి, సెంటాస్ 7 సొంతది 1.0.2. డెవెల్ ప్యాకేజీని పదిసార్లు మళ్లీ పెట్టినా జవాబు మారదు. కొత్త ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను వేరే చోట పెట్టి, విత్-ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఆప్షన్‌తో ఆ చోటు చూపించాలి. ఆ ఆప్షన్ పేరులో ఒక ఎస్ ఎక్కువ పడినా మీరు ఆగరు! గుర్తుపట్టని ఆప్షన్ అని హెచ్చరిక ఒకటి పారేసి, మీ దారిన మీరు పోతారు.

కాబట్టి ఉబుంటులో పైథాన్ కట్టేవాళ్లు మీ దగ్గరకు రాకముందే బిల్డ్-ఎసెన్షియల్, లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, జెడ్‌లిబ్1జీ-డెవ్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్, లిబ్‌బీజెడ్2-డెవ్, లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ-డెవ్, లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్, లిబ్‌రీడ్‌లైన్-డెవ్ మూట కట్టుకుని రావాలి. జెడ్‌లిబ్ పేరులో ఆ ఒకటీ జీ ఎందుకని అడక్కండి, అవి లేకుండా టైపు చేస్తే దొరకదు. ఏదైనా మరిచిపోయి తర్వాత పెడితే ఉత్త మేక్ చాలదు, మేక్ డిస్ట్‌క్లీన్ చేసి మిమ్మల్ని మళ్లీ మొదటి నుంచి నడపాలి.

మీ ‘లేదు’కు రెండో అర్థం ఇటీవలే బయటపడింది. పాత ప్రాజెక్టుల్లో మీరు రాసే పరీక్ష ప్రోగ్రాములు చాలా నిర్లక్ష్యంగా ఉండేవి. ఎస్‌టీడీలిబ్.హెచ్‌ను అంత శ్రద్ధగా వాకబు చేసే మీరే, దాన్ని చేర్చకుండా ఎగ్జిట్ ఫంక్షన్‌ను పిలిచేవారు. కంపైలర్లు విసుక్కున్నా ఊరుకునేవి. 2023లో క్లాంగ్ 16, 2024లో జీసీసీ 14 ఇక ఊరుకోమన్నాయి, ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం హెచ్చరిక స్థాయి నుంచి ఎర్రర్ అయింది. యంత్రంలో సౌకర్యం ఉంది, మీ ప్రశ్నలోనే అచ్చుతప్పు ఉంది, మార్కు మాత్రం యంత్రానికి సున్నా. ప్రోగ్రామ్ ఆ సౌకర్యం లేకుండానే, లేదా ఏదో కాలం నాటి ప్రత్యామ్నాయంతో కంపైలవుతుంది. ఎవరికీ తెలియదు.

పట్టుకోవాలంటే పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి మిమ్మల్ని నడిపి మీ జవాబులు రాసి ఉండే రెండు కాన్ఫిగ్.హెచ్ ఫైళ్లనూ డిఫ్‌తో పోల్చాలి. తేడా వచ్చిన ప్రతి పంక్తికీ కాన్ఫిగ్.లాగ్‌లో సంజాయిషీ దొరుకుతుంది. ఆటోరీకాన్ఫ్ ఎఫ్ఐ ఆప్షన్లతో నడిపి మిమ్మల్ని కొత్తగా పుట్టించడం సరైన మందు, అయితే అది ఆటోకాన్ఫ్ తనంతట రాసిన ప్రశ్నలనే బాగుచేస్తుంది. ప్రాజెక్టువాళ్లు చేత్తో రాసినవాటిని చేత్తోనే దిద్దాలి. తొందరలో ఉన్నవాళ్లు సీఫ్లాగ్స్‌లో ఎస్‌టీడీ విలువ గ్నూ89 అని పెట్టి పాత కాలాన్ని అద్దెకు తెచ్చుకుంటారు.

మీ ‘లేదు’ను ఎవరూ పట్టించుకోరని దొంగలకు కూడా తెలిసింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 టార్‌బాళ్లలో (సోర్సు మూటల్లో) బిల్డ్-టు-హోస్ట్.ఎం4 అనే ఫైలు మారింది. గిట్ రిపోజిటరీలో ఆ మార్పు లేదు, మీరు కొలువుండే టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. మీ కడుపులో చేరిన ఆ కొన్ని పంక్తులు, పరీక్షల కోసమని పెట్టిన కంప్రెస్డ్ ఫైళ్లలోంచి దొంగతలుపును బయటికి తీశాయి. వేల పంక్తుల మిమ్మల్ని విప్పి చదివేవాడెవడు? మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టారు, అదీ మిమ్మల్ని చదివి అనుమానించి కాదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్లారు. మిమ్మల్ని నమ్మడం కన్నా గిట్‌లోని ట్యాగ్ నుంచి సోర్సు తీసుకుని ఆటోరీకాన్ఫ్‌తో కొత్తగా పుట్టించుకోవడం మేలన్నది ఆ తర్వాత ఎక్కువగా వినిపిస్తున్న మాట.

అదే ప్రాజెక్టులో మీ పనే చేసే తమ్ముడి వరస సీమేక్‌కూ ఒక చుక్క పెట్టారు. రూపకం కాదు, నిజంగానే ఫుల్‌స్టాప్. ల్యాండ్‌లాక్ అనే కట్టుదిట్టం ఉందో లేదో చూసే పరీక్ష ప్రోగ్రామ్‌లో ఓ పంక్తి మొదట ఒంటరి చుక్క. దాంతో అది ఎక్కడా కంపైల్ కాదు, ఎక్కడ చూసినా ‘లేదు’, రక్షణ ఆగిపోతుంది, బిల్డ్ మాత్రం సాఫీగా సాగుతుంది. కనుక ఆ తమ్ముణ్ణి చూపించి మిమ్మల్ని దెప్పే హక్కు ఎవరికీ లేదు. భద్రతకు సంబంధించిన సౌకర్యాలను ‘ఉంటే వాడు’ అని వదలకుండా ఎనేబుల్ ఆప్షన్‌తో తప్పనిసరి అని చెబితే, లేనప్పుడు ఆగే బుద్ధి మీకు ఉంటుంది, ప్రాజెక్టు రాసినవాళ్లు మీకు నేర్పి ఉంటే.

మీ ఇంటి మిగతావాళ్ల గురించి క్లుప్తంగా. మేక్ గారిని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు, ఆదేశాల ముందు ట్యాబే ఉండాలన్న మడి ఇప్పటికీ వదల్లేదు. ఒకేసారి ఎన్ని పనులో చెప్పే జె ఆప్షన్ పక్కన అంకె ఇవ్వడం మరిచిపోతే ఎన్ని పనులైనా ఒకేసారి నెత్తిన వేసుకుని యంత్రాన్ని పడగొడతారు. జీసీసీ కట్టేటప్పుడు సీసీ1ప్లస్ ‘కిల్డ్’ అని వస్తే కోడ్‌లో తప్పు వెతకక్కర్లేదు, మెమరీ చాలక కెర్నల్ చంపింది, డీమెసేజ్‌లో రాసి ఉంటుంది, అంకె తగ్గిస్తే చాలు. జీసీసీని దాని సోర్సు డైరెక్టరీలోనే కట్టకూడదు, పక్కన వేరే డైరెక్టరీ కావాలి. దానికి కావలసిన జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ లైబ్రరీలను కాంట్రిబ్‌లోని డౌన్‌లోడ్_ప్రీరిక్విజిట్స్ తెచ్చిపెడుతుంది. 64 బిట్ల యంత్రంలో స్టబ్స్-32.హెచ్ లేదని మధ్యలో చతికిలబడకుండా డిసేబుల్-మల్టీలిబ్ ఇవ్వాలి. తనను తాను మూడుసార్లు కట్టుకుని రెండో మూడో ప్రతులను పోల్చి చూసుకునే ఆ ఓపిక మీ ఇంట్లో ఎవరికీ రాలేదు.

మేక్ ఇన్‌స్టాల్ గారు ఇల్లంతా సామాను సర్దుతారు, ఎక్కడెక్కడ పెట్టారో చెప్పరు. అన్‌ఇన్‌స్టాల్ అంటే కొందరి దగ్గర ఆ రూలే ఉండదు. అందుకే మీకు మొదటే ప్రిఫిక్స్ (ఎక్కడ పెట్టాలో చెప్పే ఆప్షన్) ఇచ్చి /ఆప్ట్ కింద ఒక్కో టూల్‌కు ఒక్కో డైరెక్టరీ కేటాయించాలి, తీసేయాలంటే ఆ డైరెక్టరీ చెరిపితే సరి. పైథాన్‌కైతే మేక్ ఇన్‌స్టాల్ కాదు, మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్. లేకపోతే పైథాన్3 అనే పేరును కొత్తది ఆక్రమిస్తుంది. ‘షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోతున్నాం’ అంటే ముందు లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్‌ను సుడోతో నడపాలి. ఫెడోరా వంశంలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ అసలు జాబితాలోనే ఉండదు, /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీలో ఓ ఫైలు రాసి చేర్చాలి.

ఒక్క ఉపకారం మాత్రం దాచకూడదు. మిమ్మల్ని నడపడానికి షెల్, మేక్, కంపైలర్, సెడ్, గ్రెప్ లాంటి మామూలు యూనిక్స్ టూల్స్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. మీ పనే చేసే కొత్తతరం మీసాన్ రావాలంటే ముందు పైథాన్ రావాలి, పైథాన్ రావాలంటే మళ్లీ మీ గుమ్మమే తొక్కాలి.

ఇట్లు,
తమ విధేయులు,
77

తా.క.: అన్నీ సక్రమంగా ముగిశాక కూడా పాత వెర్షనే పలికితే మిమ్మల్ని తిట్టుకోం. బ్యాష్ పాత దారి గుర్తుపెట్టుకుని ఉంటుంది. హ్యాష్ -ఆర్ అని కొడితే మరిచిపోతుంది.