ఉమ్మి పరీక్ష

మేనల్లుడి సంబంధం మాట్లాడ్డానికి ముక్తేశ్వరం వెళ్లాలి. పెద్దమనిషి హోదా కాబట్టి తెల్ల లాల్చీ, తెల్ల పంచె. ద్రాక్షారామంలో బస్సు తప్పిపోయింది, సైకిలు తీశాను, కోటిపల్లి రేవు కనుచూపు మేరలో ఉందనగా వెనక చక్రం మెత్తబడింది. ఇక్కడిదాకా చెప్పుకోడానికేం లేదు.

అన్నట్టు దారిలో ఒక పెట్రోలు బంకు ఉంది. టైరు అప్పటికే కాస్త నీరసంగా ఉందని అక్కడ ఆగాను. గోడ మీద ‘గాలి ఉచితం’ అని పెద్ద పెద్ద అక్షరాలు. గాలి గొట్టం దగ్గర కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే, ‘సైకిల్‌కి కొట్టమండి’ అన్నాడు. ఎందుకని అడిగితే, ‘మా గొట్టం మీ వాల్‌కి పట్టదండి’ అన్నాడు. నిజమే, మోటారు బండ్ల వాల్ వేరు, మన పాత సైకిళ్ల వాల్ వేరు. కానీ ఆ ముక్క మొహం చూసి చెప్పచ్చు కదా! పైగా ‘ఇంకా సైకిలేంటండి’ అని ఓ సలహా. అంత గోడ ఉంది, ‘గాలి ఉచితం, సైకిళ్లకు తప్ప’ అని రాయించడానికి చోటు లేక కాదు.

సరే, రేవులో టీ కొట్టాయన దగ్గర పంపు దొరికింది. గోదారి దాటించే పంటు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. పంచె ఎగ్గట్టి గాలి కొట్టడం మొదలెట్టాను. చూడ్డానికి సన్నగా ఉంటుంది గానీ సైకిలు టైరుకి కారు టైరు కంటే ఎక్కువ ఒత్తిడి కావాలి. ఈ సంగతి కార్లలో తిరిగేవాళ్లకి తెలీదు. ఎలాగో టైరు గట్టిపడింది. ఎక్కి వెళ్లిపోతే ఈ కథే లేదు.

‘ఆగండాగండి, గాలి నిలిచిందో లేదో చూడొద్దాండీ?’ అన్నారు వెనకనుంచి ఎవరో.

ఎలా చూస్తారో మీకు తెలుసు. వాల్ మూతి మీద ఉమ్మి పెడతారు. బుడగ లేస్తే గాలి పోతున్నట్టు, లేవకపోతే దేవుడి దయ. 1888లో బెల్‌ఫాస్ట్‌లో కొడుకు మూడు చక్రాల సైకిలుకి మొదట గాలి టైరు తొడిగిన డన్‌లప్ గారు పశువుల డాక్టరు. ఆయన మందులు రాసి ఉంటారు గానీ ఉమ్మి మాత్రం రాసి ఉండరని నా నమ్మకం. ఎదురుగా గౌతమి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి నీళ్లే నీళ్లు. ‘దోసెడు నీళ్లు పోస్తే సరిపోదా?’ అన్నాను.

‘నీళ్లు జారిపోతాయండి. ఉమ్మయితే నిలబడుద్దండి.’

కాదనడానికి నా దగ్గర సైన్సు లేదు.

ముందు బడికెళ్లే కుర్రాడొకడు ఉత్సాహంగా వేలు తడిపి పెట్టాడు. ‘కుర్రోడి ఉమ్మి పల్చనండి, లెక్కలోకి రాదండి’ అని కొట్టేశారు. తర్వాత బీడీ కాలుస్తున్నాయన ప్రయత్నించాడు గానీ నోరెండిపోయి ఉంది. నా ఉమ్మి సంగతి ఎవరూ అడగలేదు. సైకిలు నాదే అయినా ఆ సభలో నేను ప్రేక్షకుణ్ణి. అప్పుడు జనాన్ని తప్పించుకుంటూ ఓ పెద్దాయన ముందుకొచ్చారు. బుగ్గలో కిళ్లీ. నోరు తెరిస్తే నష్టం కాబట్టి మాట్లాడరు, చేత్తోనే అందర్నీ జరగమన్నారు. చూపుడువేలు నోట్లో పెట్టి తీసి, వాల్ మీద బొట్టు పెట్టారు.

ఎర్రటి బొట్టు.

అందరం వంగాం. పంటు మీదున్న వాళ్లు కూడా లేచి ఇటు పక్కకే వచ్చేస్తే, ‘ఒక పక్కకే రాకండి బాబూ’ అని సరంగు కేకలు. గౌతమి మీద రైలు వంతెనకి స్తంభాలు లేపుతున్నప్పుడు కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు. బొట్టులోంచి మెల్లిగా ఓ బుడగ లేచింది. గాలి పోతోందని కొందరు, కాదు అది కిళ్లీ నురగేనని కొందరు. సున్నం ఎక్కువైతే నురగ వస్తుందా రాదా అనే దాకా వెళ్లింది చర్చ. నేను దగ్గరగా చూద్దామని మొహం కిందికి పెట్టాను. పెద్దాయన ఈ గొడవ తేల్చేద్దామనుకున్నారు కాబోలు, వాల్ నట్టు పట్టుకుని బిగించారు.

ఎడమ వైపుకి.

సైకిలు వాల్ లోపల ఓ ఇత్తడి ముక్క, దాని మీద సన్నటి రబ్బరు గొట్టం, అంతే. ఆ రెంటినీ పట్టి ఉంచేది ఆ నట్టే. చెమటోడ్చి నేను కొట్టిన గాలంతా ఒక్కసారిగా ఇత్తడి ముక్కతో సహా బయటికొచ్చింది. దాంతోపాటు కిళ్లీ కూడా. లాల్చీ మీద గుండెల దగ్గర కొంత, మొహాన కొంత, కళ్లజోడు కుడి అద్దం మీద మిగతాది. పంటు మీద ఎవరో ఆడమనిషి ‘అయ్యయ్యో, రక్తం!’ అని అరిచింది. ఆవిడొక్కతే నా పక్షం.

పెద్దాయన అప్పుడు తీరిగ్గా పక్కకెళ్లి ఉమ్మేసి, మొదటిసారి నోరు విప్పారు.

‘లోపమంతా వాల్‌లోనేనండి. ట్యూబు బంగారం.’

ఆ మాట చెప్పేసి పంటెక్కేశారు. పంటు వెళ్లిపోయింది.

ఇత్తడి ముక్క ఇసకలో దొరికింది, రబ్బరు గొట్టం దొరకలేదు. పంపు తిరిగిచ్చేస్తుంటే టీ కొట్టాయన పది రూపాయలడిగాడు.

‘గాలి నిలవలేదు కదయ్యా?’ అన్నాను.

‘నిలబెట్టుకోడం మీ సైకిలు పనండి. మా పంపు ఇవ్వాల్సింది ఇచ్చిందండి.’

ఇరవై నోటిచ్చాను. గల్లాపెట్టె అంతా వెతికి, చిల్లర లేదన్నాడు.

‘మిగతా పదికీ కిళ్లీ కట్టమంటారాండీ?’