ఎమర్జెన్సీ బయట కూర్చున్నవాళ్లూ పేషెంట్లే

"గంటలకొద్దీ కూర్చోబెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు." ఎమర్జెన్సీకి వెళ్లొచ్చినవాళ్ల నోట ఈ రెండు మాటలూ ఎక్కువగా కలిసే వస్తాయి. ఆస్పత్రులు మాత్రం మొదటి మాటకే జవాబు చెబుతాయి. రద్దీ ఎక్కువ, సిబ్బంది తక్కువ, ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను ముందు చూడాలి అంటాయి. అవన్నీ నిజాలే. కానీ రెండో మాటకు అవి జవాబు కావు. ఆలస్యం వేరు, పట్టించుకోకపోవడం వేరు. ఆలస్యం కొంతవరకు తప్పదు. పట్టించుకోకపోవడాన్ని మాత్రం తప్పించవచ్చు. దాన్ని మర్యాదకు సంబంధించిన చిన్న విషయంగా కాక, వైద్యంలో జరిగే లోపంగా చూడాలన్నది నా అభిప్రాయం.

ఎమర్జెన్సీలో ముందు వచ్చినవాళ్లను ముందు చూడరు. ఎవరి పరిస్థితి ఎక్కువ ప్రమాదంలో ఉందో వాళ్లను ముందు చూస్తారు. దీన్నే ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన డొమినిక్ జాన్ లారే, గాయపడిన సైనికులను హోదాను బట్టి కాకుండా గాయం తీవ్రతను బట్టి చూడాలని పట్టుబట్టాడు. ఆ ఆలోచనే ఇప్పటి ఎమర్జెన్సీలకూ పునాది. బ్రిటన్‌లో 1990లలో రూపొందిన మాంచెస్టర్ పద్ధతిలో ఐదు రంగులుంటాయి. ఎరుపు అంటే తక్షణం చూడాలి. నారింజ అయితే 10 నిమిషాలు, పసుపు 60, ఆకుపచ్చ 120, నీలం 240 నిమిషాలు. అంటే నీలం రంగు పడిన మనిషి 4 గంటలు కూర్చున్నా ఆ పద్ధతి ప్రకారం తప్పు జరిగినట్టు కాదు.

అయితే ఈ లెక్క నర్సుకు తెలుసు, కంప్యూటర్‌లో ఉంటుంది. కూర్చున్న మనిషికి మాత్రం తెలియదు. తన తర్వాత వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్తుంటే అతనికి కనిపించేది అన్యాయమే. పలుకుబడి ఉన్నవాళ్లను ముందు పంపుతున్నారేమో, తన పేరు మర్చిపోయారేమో, తన నొప్పిని నమ్మలేదేమో అనిపిస్తుంది. లారే హోదాను పక్కన పెట్టడానికి తెచ్చిన పద్ధతే, వివరించకపోతే హోదాను చూసి చేస్తున్నట్టు కనబడుతుంది.

ఎదురుచూపుల గురించి మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. కారణం చెప్పని వెయిటింగ్ కారణం చెప్పినదానికంటే ఎక్కువసేపు అనిపిస్తుందని, ఎంతసేపో తెలియకపోతే ఇంకా భారమవుతుందని, భయం కూడా తోడైతే మరీ సాగుతుందని ఆయన వివరించారు. ఈ మూడూ ఒకేచోట కలిసే గదుల్లో ఎమర్జెన్సీ వెయిటింగ్ హాల్ ముందుంటుంది.

ఏమీ జరగడం లేదని పేషెంట్ అనుకునే సమయంలో నిజానికి వైద్యం జరుగుతూ ఉండొచ్చు. ఛాతీనొప్పినే తీసుకోండి. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అది మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు కాదని తేల్చేయలేరు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరగడానికి కొంత సమయం పడుతుంది. అందుకే ఒకసారి పరీక్ష చేసి, ఒకటి నుంచి మూడు గంటల తర్వాత, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యంగా, మళ్లీ చేస్తారు. రెండు ఫలితాల మధ్య తేడాను బట్టే డాక్టర్ నిర్ణయం తీసుకుంటారు. ఈ సంగతి ముందే చెబితే ఆ గంటలు పరీక్షలో భాగమవుతాయి. చెప్పకపోతే "ఒకసారి రక్తం తీసుకుని వదిలేశారు" అనే అనుభవంగా మిగిలిపోతాయి. చెప్పడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం దక్కక కొందరు రెండో పరీక్ష చేయించుకోకుండానే లేచి ఇంటికి వెళ్లిపోతారు.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. ట్రయాజ్‌లో పడే రంగు ఆ క్షణానికి సంబంధించినదే. జబ్బు అక్కడే ఆగిపోదు. వచ్చినప్పుడు నడుచుకుంటూ వచ్చి మాట్లాడిన మనిషికి, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి, రెండు గంటల్లో బీపీ పడిపోవచ్చు. ఆడవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా ఆయాసంగానో, వికారంగానో, విపరీతమైన నీరసంగానో రావచ్చు. అలాంటివాళ్లకు మొదటి చూపులోనే తక్కువ ప్రమాదమని చూపే రంగు పడే అవకాశం ఎక్కువ. అందుకే వెయిటింగ్‌లో ఉన్నవాళ్ల పల్స్, బీపీ, ఆక్సిజన్ మళ్లీ మళ్లీ చూడాలి. రద్దీ పెరిగినకొద్దీ ముందుగా ఆగిపోయేది ఈ పనే. నిజానికి ఇది అత్యవసరమయ్యేదీ అప్పుడే.

పక్కన కూర్చున్న కుటుంబ సభ్యులు "ఇందాకటికంటే డల్ అయ్యాడు సిస్టర్" అని చెబితే దాన్ని తొందరపెట్టడంగా తీసుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో ఆ గదిలో వాళ్లకే తెలుసు. మాట తడబడుతోందని, మనిషి మత్తుగా ఉన్నాడని వాళ్లే ముందు గుర్తించగలరు. స్ట్రోక్‌లో రక్తపు గడ్డ కరిగించే మందు మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. అలాంటి జబ్బులో ఈ ఒక్క మాట వినడం, వినకపోవడం మధ్య తేడా మనిషి జీవితాంతం మోసేది కావచ్చు.

నొప్పి సంగతి వేరే చెప్పాలి. "సున్నా నుంచి పది వరకు ఎంత?" అని అడుగుతారు. తొమ్మిది అని చెప్పించుకుని, అది రాసుకుని, మందివ్వకుండా వెళ్లిపోతే అసలు అడగకపోవడమే నయం. కడుపునొప్పికి ముందే మందిస్తే జబ్బు కప్పబడిపోతుందని, సర్జన్ చూసేదాకా ఆగాలని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. 1990ల నుంచి జరిగిన పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదని చూపించాయి. నొప్పి తగ్గితే పేషెంట్ పొట్ట బిగపట్టడు, డాక్టర్ ఇంకా బాగా పరీక్షించగలరు. అయినా ఆ పాత మాట ఇంకా అక్కడక్కడా వినిపిస్తూనే ఉంది. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని ఆ మాట పేరుతో మందివ్వకుండా ఆపి ఉంచడం నాకు సహించరాని విషయం.

రద్దీ గురించి మాట్లాడేటప్పుడు నేరం ఎక్కువగా పేషెంట్ల మీదికే నెడతారు. జలుబుకు, చిన్న జ్వరానికి వచ్చేస్తున్నారంటారు. చిన్న సమస్యలతో వచ్చినవాళ్లు త్వరగానే వెళ్లిపోతారు, వాళ్లకు మంచం కూడా అక్కర్లేదు. ఎమర్జెన్సీ నిండిపోవడానికి పెద్ద కారణం లోపలివైపు ఉంటుంది. అడ్మిట్ చేయాలని తేలిపోయినా వార్డులో మంచం ఖాళీ లేక అక్కడే స్ట్రెచర్ మీద ఉండిపోయేవాళ్లే ఆ కారణం. వార్డులో డిశ్చార్జ్ సాయంత్రందాకా సాగితే ఇక్కడ మంచం ఖాళీ కాదు, బయట కూర్చున్నవాళ్లు లోపలికి రాలేరు. కాబట్టి ఎమర్జెన్సీ డాక్టర్లను మాత్రమే నిలదీస్తే లాభం లేదు. మొత్తం ఆస్పత్రి యాజమాన్యాన్ని అడగాల్సిన ప్రశ్న ఇది. ఇక ఛాతీ మంట గ్యాసో గుండెపోటో ఇంట్లో కూర్చుని తేల్చుకునే శక్తి మామూలు మనిషికి ఉండదు. పరీక్షలయ్యాక "దీనికి ఎందుకొచ్చారు?" అన్న మాట పడిన మనిషి, రేపు నిజంగా రావాల్సినప్పుడు ఆగిపోతాడు.

గడియారాన్ని నమ్ముకున్న పరిష్కారాలకూ హద్దుంది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను 4 గంటల్లోపు అడ్మిట్ చేయాలి లేదా పంపేయాలి అని ఇంగ్లండ్ లక్ష్యం పెట్టుకుంది. మొదట 98 శాతం మందికి, 2010 తర్వాత 95 శాతం మందికి. దానివల్ల వెయిటింగ్ తగ్గిన మాట నిజం. అదే సమయంలో నాలుగో గంట చివరి నిమిషాల్లో హడావుడిగా నిర్ణయాలు జరగడం కూడా కనిపించింది. సమయాన్ని కొలవాలి, సందేహం లేదు. దాంతోపాటు వెయిటింగ్‌లో ఉన్న మనిషిని ఎన్నిసార్లు చూశారు, నొప్పి మందు ఎప్పుడు ఇచ్చారు, ఆలస్యానికి కారణం చెప్పారా అన్నవీ కొలవాలి.

సిబ్బందికి మాట్లాడే తీరిక ఎక్కడుందని అడుగుతారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆరోగ్య సిబ్బందిలో 8 నుంచి 38 శాతం మంది వృత్తి జీవితంలో ఎప్పుడో ఒకసారి దాడికి గురవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేయి చేసుకోవడాన్ని ఏ ఆలస్యమూ సమర్థించదు. కానీ ఏ సమాచారమూ లేకుండా కూర్చున్న గదిలో టెన్షన్ పెరుగుతుంది, ఆ కోపం ఎదురుగా కనిపించే నర్సు మీదే పడుతుంది. వెయిటింగ్ హాల్‌కు ప్రతి షిఫ్ట్‌లో ఒక నర్సును కేటాయించి, గంటకోసారి అందరినీ పలకరించి, పల్స్ చూసి, "మీ స్కాన్ రిపోర్టు కోసం ఆగుతున్నాం" అని చెప్పించే ఏర్పాటు సిబ్బందికి కూడా రక్షణే. కౌంటర్ దగ్గర ఒకే ప్రశ్నకు వందసార్లు జవాబు చెప్పే పని కూడా తగ్గుతుంది.

చివరికి ఇంటికి పంపేటప్పుడు మరో పొరపాటు జరుగుతుంది. అర్ధరాత్రి, నిద్రలేక, మందుల మత్తులో ఉన్న మనిషి చేతిలో కాగితం పెట్టి "అంతా నార్మల్, వెళ్లిపోవచ్చు" అంటారు. అతను అర్థమైందన్నట్టు తల ఊపుతాడు. ఇంటికెళ్లాక ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియదు. "ఇంటికెళ్లాక ఏం చేస్తారో ఒకసారి మీరే చెప్పండి" అని పేషెంట్ చేత చెప్పిస్తే ఏది అర్థం కాలేదో అక్కడికక్కడే బయటపడుతుంది. నార్మల్ అంటే ఈ రోజు చేసిన పరీక్షల్లో ప్రమాదం కనిపించలేదని మాత్రమే అర్థం. ఏ లక్షణం వస్తే వెంటనే తిరిగి రావాలో, ఎన్ని రోజుల్లో ఏ డాక్టర్‌ను కలవాలో, అనుమానం వస్తే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో పేషెంట్‌కు తెలిసిన భాషలో, చదవగలిగే అక్షరాల్లో ఆ కాగితం మీద ఉండాలి.