సవరణ: హాసెల్‌బ్లాడ్ 80 లెన్స్, డిజిటల్ బ్యాక్ సంగతి

500 సిరీస్ హాసెల్‌బ్లాడ్ ఫిల్మ్ కెమెరాకి సీఎఫ్‌వీ 2 50సీ బ్యాక్ (ఫిల్మ్ పెట్టె స్థానంలో పెట్టే డిజిటల్ భాగం) తగిలించడం గురించి పెట్టిన పోస్టులో "80 ఎంఎం లెన్స్ ఫిల్మ్ మీద చూపించినంత మేరా చూపిస్తుంది" అని ఉంది. ఆ వాక్యం కొట్టేయండి. ఫిల్మ్ ఫ్రేమ్ దాదాపు 56×56 ఎంఎం, ఈ బ్యాక్‌లో సెన్సర్ 43.8×32.9 మాత్రమే, కాబట్టి అంచులు పోతాయి. 35 ఎంఎం కెమెరా లెక్కలో చెప్పాలంటే ఫిల్మ్ మీద 44 లాంటి 80 లెన్స్ ఇక్కడ 63 దాకా వెళ్తుంది. మీకు అలవాటైన ఆ వెడల్పు మళ్ళీ కావాలంటే 50 ఎంఎం డిస్టాగన్ అనే వైడ్ లెన్స్ పెట్టాలి, అది సుమారు 40లా పనిచేస్తుంది. ఇంకా వైడ్ కావాలంటే 40 ఎంఎం ఉంది గానీ దాని ధర, బరువు రెండూ ఎక్కువే.

చతురస్రం కావాలనుకునేవాళ్ళు ఇంకోటి చూసుకోండి: పక్కలు కత్తిరిస్తే 50 మెగాపిక్సెళ్ళలో 38 మిగులుతాయి, ప్రింటుకి అవి చాలు.

వ్యూఫైండర్ అద్దం మాత్రం పాత ఫ్రేమ్ మొత్తాన్నీ చూపిస్తూనే ఉంటుంది, సెన్సర్ హద్దుల గీతలున్న మాస్కు వేసుకోకపోతే తల తెగిన ఫొటోలే వస్తాయి. నిలువు ఫొటో కోసం కెమెరా పక్కకి తిప్పితే నడుము దగ్గర పెట్టుకుని పైనుంచి చూసే ఫైండర్‌తో నరకమే, కంటి ఎత్తున పెట్టుకుని చూసే ప్రిజం ఫైండర్ ఉండాల్సిందే.

బ్యాక్‌ని కెమెరాకి కలిపే కేబుల్ గురించి ఆ పోస్టులో రాసింది అలాగే ఉంచుతున్నా: 503సీడబ్ల్యూ లాంటి మెకానికల్ బాడీలకి అక్కర్లేదు. మోటారుండే ఈఎల్ బాడీలైతే కొనేముందు విడిగా కనుక్కోండి.