వీధికి కనిపించిన మేరకే

చారిత్రక పట్టణాల్లోని పాత ఇళ్లను కాపాడటానికి ప్రభుత్వాలు గ్రాంట్లు ఇస్తుంటాయి. మంచిదే, ఎవరూ కాదనరు. కానీ ఆ గ్రాంట్ల నిబంధనల్లో చాలాచోట్ల ఒక వాక్యం నక్కి ఉంటుంది: వీధిలోంచి కనిపించే భాగానికే సాయం. ఇది రాసిన మహానుభావుడు ఎక్కడున్నాడో గానీ, దొరికితే శాలువా కప్పాలి. పైన పటారం, లోన లొటారం అని పెద్దవాళ్లు తిట్టడానికి వాడిన మాటను ఏకంగా ప్రభుత్వ పథకం చేసేశాడు.

చిక్కల్లా వానతోనే. వాన నిబంధనలు చదవదు. వీధి వైపు గోడను వదిలేసి, ఎవరికీ కనిపించని కప్పు మీద పడుతుంది. ఒక్క పెంకు జారితే చాలు, నీళ్లు వాసం వెంట దిగి, దూలం గోడలోకి దూరిన చోటికి చేరతాయి. అక్కడ గాలి ఆడదు, తడి ఆరదు. చెక్క లోపల్లోపలే పుచ్చిపోతుంది. పాత ఇల్లు కూలిందంటే చాలాసార్లు కథ మొదలయ్యేది అక్కడే. అయితే దూలం కొస వీధికి కనిపించదు కాబట్టి, రికార్డుల ప్రకారం అది పుచ్చనే లేదు.

కమిటీ తనిఖీకి వచ్చే రోజు చూడాలి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు కదా, వీళ్లతో ఆ భయమే లేదు. ఏ ఇంటి వాసాలూ లెక్కపెట్టరు. ముగ్గురూ వీధికి అవతలి పక్కన నిలబడి, తల కాస్త వాల్చి, ఒక కన్ను మూసి చూస్తారు. కిటికీ రెక్కలకు వేయాల్సింది ఆకుపచ్చా, ముదురు ఆకుపచ్చా అన్నదాని మీద 40 నిమిషాలు చర్చ నడుస్తుంది. ఈలోగా ఇంటి పెద్దావిడ బయటికొస్తుంది.

"లోపలికి రండి బాబూ, వంటింటి దూలం ఒక్కసారి చూద్దురు గాని."

"మా పరిధి గడప వరకేనమ్మా."

"పోనీ, ఆ దూలం ఊడబీకించి వీధిలో పెట్టిస్తే చూస్తారా?"

కమిటీ ఆలోచనలో పడుతుంది. ఊడొచ్చిన దూలం ఇంటి భాగం కిందికి రాదు, చరాస్తి అవుతుంది. చరాస్తి వేరే శాఖ. పైగా వీధిలో పెడితే ఆక్రమణ, అది ఇంకో శాఖ. ఆవిడకు నోటీసు ఇవ్వాల్సి వస్తుందేమోనని ఒకాయన నిజంగానే జాలిపడతాడు. చివరికి ముదురు ఆకుపచ్చ ఖాయమవుతుంది.

డబ్బు ముందే ఇస్తారనుకునేరు. ముందు మీరు ఖర్చు పెట్టాలి, తర్వాత బిల్లులు పెట్టాలి, ఆ తర్వాత ఎదురుచూడాలి. అంత డబ్బు చేతిలో ఉన్నవాడు గ్రాంటు ఎందుకు అడుగుతాడని మాత్రం అడక్కూడదు.

ఇక ప్రారంభోత్సవం. ఫలకం బిగించడానికి డ్రిల్ పెట్టగానే కొత్త ప్లాస్టరింగ్ చాటంత పెచ్చు ఊడి పడుతుంది. సున్నపు గోడకు సిమెంట్ పూశారు మరి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, దానికి వారాలూ నెలలూ కావాలి. నిధులేమో ఆర్థిక సంవత్సరంతో పాటే మురిగిపోతాయి. సిమెంట్‌కు అంత ఓపిక అక్కర్లేదు. కాకపోతే అది గోడలోని తడిని బయటికి పోనివ్వదు. తడితో పాటు లోపలి లవణాలు పైకి తన్నుకొచ్చి పెచ్చుల్ని తోసేస్తాయి. అంటే ఆ కనిపించే భాగం కూడా ఎంతోకాలం కనిపించదు. సరే, ఊడినచోటే ఫలకం బిగించారు, రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు. అప్పుడే వాన మొదలైంది. లోపల మూడు బక్కెట్లు, ఒక గిన్నె, టప్ టప్‌మని తాళం. నాలుగో బక్కెట్‌ను పెద్దావిడ వీధివైపు చూరు కింద పెట్టింది. "అమ్మా, అది తీసెయ్యండి, ఫొటోలో పడుతోంది" అన్నాడు అధికారి.

ఇంకోలా చేయొచ్చని ఎవరికీ తెలియక కాదు. ఇటలీలో బొలోన్యా నగరం 1973లోనే సామాన్యుల ఇళ్ల కోసం ఉన్న చట్టాన్నీ నిధులనూ పాతబస్తీ ఇళ్ల మరమ్మతులకు మళ్లించింది. అక్కడ ఉంటున్నవాళ్లు అక్కడే ఉండాలన్నది దాని ఉద్దేశం. అంతకుముందు ఫ్రాన్స్ 1962లో పాతబస్తీల పరిరక్షణకని మాల్రో చట్టం తెచ్చింది. దాని కింద పారిస్‌లోని మారే ప్రాంతం అద్దంలా మెరిసింది. అద్దెలూ మెరిశాయి. పాత అద్దెదారులు, చిన్నచిన్న వర్క్‌షాపులవాళ్లు చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు.

చారిత్రక పట్టణాల పరిరక్షణ అన్నిటికన్నా ముందు అక్కడ నివసించేవాళ్ల వ్యవహారమని పరిరక్షణ నిపుణుల అంతర్జాతీయ ప్రకటన అయిన 1987 వాషింగ్టన్ చార్టర్‌లో రాసుకున్నారు. కమిటీల్లో కూర్చునేది ఆ చార్టర్ చదివినవాళ్లే కదా! ఇంట్లో మనిషి తడుస్తుంటే కిటికీ రంగు గురించి మాట్లాడటానికి నోరెలా వస్తుంది? ఇన్నేళ్లూ ఏ గ్రాంటూ లేకుండా ఆ ఇంటిని నిలబెట్టింది ఎవరు? ఏటా పెంకులు సర్దించింది ఆవిడ. చెదకు మందు కొట్టించింది ఆవిడ. ఓపిక అయిపోయి ఆవిడ అమ్ముకుంటే, కొన్న హోటల్ వ్యాపారికి ముస్తాబైన ముఖం ఉచితంగా దక్కుతుంది. ఆ ముస్తాబుకు పెట్టింది జనం కట్టిన పన్ను. అందులో ఆవిడ కట్టింది కూడా ఉంది. దీనికి వారసత్వ పరిరక్షణ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

పెద్దావిడ ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకుంది. ఈసారి ఇంటికి కాదు, చూరు కింద బక్కెట్‌కు. అది వీధిలోంచి కనిపిస్తుంది కాబట్టి అర్హత ఉంది. రంగు మాత్రం కమిటీ తేల్చాలి.