అలక గారికి, 355 పౌన్లు సమర్పించుకున్నవాడు రాయునది

మహాలక్ష్మీ సమానురాలైన శ్రీమతి అలక గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు. మీరెప్పుడూ నిగనిగలాడుతూనే ఉంటారు, చిక్కిపోయేది మిమ్మల్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్లే.

నేను మీకు కొత్తవాణ్ణేం కాదు. కోనసీమలో మా ఇంటి వసారాలో మీరు పదకొండేళ్లు మకాం వేశారు. ఆ సంగతి తర్వాత. ముందు డబ్బు లెక్క తేలాలి. 2024 ఆగస్టు 31, శనివారం నాడు మీ ఖాతాలో నేను జమ చేసిన 355 పౌన్లు, అంటే మన డబ్బుల్లో సుమారు 39 వేలు, దేనికి కట్టానో ఓసారి గుర్తుచేద్దామని ఈ ఉత్తరం.

ఒయాసిస్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండు కచేరీ టికెట్టుకండీ. పాటల కోసం అనుకునేరు. ఆ పాటలు నా దగ్గరున్నాయండీ. ఇంజనీరింగ్ హాస్టల్లో రూమ్మేట్ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాను, ఇప్పుడు ఫోన్లో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. నేను డబ్బు కట్టింది ఆ బ్యాండు నడిపే అన్నదమ్ముల కోసం, తమ్ముడు లియామ్ గల్లాగర్ పాడుతుంటే అన్న నోయెల్ గల్లాగర్ పదడుగుల దూరంలో గిటార్ వాయిస్తూ నిలబడటం చూడ్డానికి. రోజూ ఫోన్లు చేసుకునే అన్నదమ్ములైతే ఆ దృశ్యానికి 39 వేలు ఎవరిస్తారు? మీరు మధ్యలో కూర్చున్నారు కాబట్టే దానికా రేటు. ఈ ముక్కే మా ఆవిడకి అర్థం కాలేదు. "కలిసిపోయారని వార్తల్లో చెప్పారుగా, మళ్లీ వెళ్లి చూడ్డమెందుకు?" అంది.

మన పెళ్లిళ్లలో మీకంటూ ఒక మంచం ఉంది కదా, అలకపాన్పు అని. పెళ్లికొడుకు దాని మీద కూర్చుని మొహం తిప్పుకుంటాడు. మామగారు వాచీయో ఉంగరమో పెడితే దిగుతాడు. గంట సేపటి తంతు. మా మేనమామైతే ఉంగరం సైజు కూడా చూసుకోకుండా దిగిపోయాడు, పాపం ఆకలేసి. ఈ అన్నదమ్ముల అలకపాన్పు 2009 ఆగస్టు 28న పారిస్‌లో వేశారు, 2025 జూలై 4న కార్డిఫ్‌లో తీశారు. పదహారేళ్లకు రెండు నెలలు తక్కువ. పెళ్లికొడుకులు ఇద్దరు. మామగార్ల లెక్క మాత్రం అడక్కండి, ఒక్క మాంచెస్టర్‌లోనే ఐదు రాత్రులు పార్కు నిండిపోయింది.

మీ పనితనం గురించి కూడా చెప్పుకోవాలి. పారిస్‌లో మీరు ఉన్నట్టుండి ఊడిపడలేదు. 1994లో లాస్ ఏంజెలెస్‌లో తమ్ముడు స్టేజీ మీదే అన్న మీదికి టాంబురిన్ విసిరాడు. అన్న అలిగి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయి, అక్కడో పాట రాసుకుని తిరిగొచ్చాడు. మరుసటి ఏడు వేల్స్‌లో రికార్డింగ్ జరుగుతుంటే తమ్ముడు పబ్బులో కనపడ్డవాళ్లందర్నీ స్టూడియోకి తోలుకొచ్చాడు. అన్న క్రికెట్ బ్యాటుతో సమాధానం చెప్పాడు. గిటార్ల ఇంట్లో క్రికెట్ బ్యాటెందుకుందో నాకిప్పటికీ తెలీదు, ఆ ఒక్క విషయంలో మాత్రం మనవాళ్లే అనిపిస్తారు. 1996లో లండన్‌లో టీవీ కచేరీకి తమ్ముడు గొంతు బాలేదన్నాడు. సరే పాపమని అన్నే పాడుతుంటే, ఆ గొంతు బాలేనివాడు బాల్కనీలో కూర్చుని కేకలేశాడు.

చివరికి పారిస్‌లో, షోకి కాసేపటి ముందు, ఓ ప్లమ్ పండు గోడకి తగిలింది, ఓ గిటార్ విరిగింది. అక్కడితో కచేరీ లేదు, బ్యాండూ లేదు. మన కురుక్షేత్రానికి కనీసం అయిదూళ్ల బేరమన్నా జరిగింది. ఇక్కడ ఒక పండు.

ఆ తర్వాతి ఏళ్లలో తమ్ముడు అన్న ఫోటో పెట్టి కింద "బంగాళాదుంప" అని రాసేవాడు. ఎదిగిన మనిషి, పిల్లల తండ్రి. అన్న మాత్రం తక్కువ తిన్నాడా? సూపుల లోకంలో ఫోర్కు పట్టుకు తిరిగే మనిషి అని తమ్ముడి గురించి ఎప్పుడో అనేశాడు. తిట్టు అంటే అదండీ! పులుసు గిన్నె ముందు ఫోర్కుతో కూర్చున్నవాణ్ణి ఊహించుకుని నేను రెండ్రోజులు నవ్వుకున్నాను. అలకలో ఉన్నవాళ్లకే ఇంత మంచి మాటలు తడతాయి, కలిసిపోయాక బావున్నావా, బావున్నాను అనడమే కదా.

ఇక క్యూ. మీరు దిగిరావడానికి ఒప్పుకున్నారని 2024 ఆగస్టు 27న ప్రకటించారు. శనివారం టికెట్లు. అంతకుముందు రోజు అమ్మకంలో చేరాలంటే ఓ పరీక్ష కూడా పెట్టారు, ఈ బ్యాండు మొట్టమొదటి డ్రమ్మర్ ఎవరు అని. ఎంసెట్ రాసి వచ్చినవాణ్ణి, గబగబా రాసి పడేశాను. అయినా ఎంపిక కాలేదు. మంచి ర్యాంకొచ్చినా సీటు రాకపోవడం మనకి అలవాటే. శనివారం పొద్దున్నే ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు, మా ఆవిడ ఆఫీసు ట్యాబూ వరసగా పెట్టుకుని కూర్చున్నాను, దీపాలు వెలిగించడమొక్కటే తక్కువ. నా ముందు రెండు లక్షల పైచిలుకు మంది ఉన్నారని చూపించింది. ఇడ్లీ తిన్నాను. ఇంకా రెండు లక్షలే. స్నానానికి వెళ్దామంటే భయం. తిరుపతి కంపార్ట్‌మెంట్‌లో అయితే కాసేపటికోసారి పాలో ఉప్మానో పంపిస్తారు, ఇక్కడ ఓ బొమ్మ మనిషి గీత మీద నడుస్తూ ఉంటాడు. సాయంత్రమవుతుండగా తలుపు తెరుచుకుంది. పొద్దున్న 148 అని చెప్పిన నిలబడే టికెట్టు 355 అయి కూర్చుంది! కింద గడియారం వెనక్కి లెక్కపెడుతోంది, ఇంకో రెండు నిమిషాల్లో తేల్చుకోమని. కోపగృహంలో కైక కూడా దశరథుడికి ఆలోచించుకోవడానికి రాత్రంతా టైమిచ్చింది.

ఆ టికెట్ల అమ్మకం మీద, వ్యాపారుల పద్ధతులు చూసే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ విచారణ మొదలుపెట్టింది. యంత్రం ఏదో మా ఆత్రం కొలిచి ధర పెంచిందని మేమంతా తిట్టుకున్నాం గానీ, అంత సీన్ లేదట. ముందే రెండు ధరలు పెట్టుకున్నారు, చవకవి అయిపోగానే రెండోది బయటికి తీశారు, ఆ సంగతి క్యూలో ఉన్నవాళ్లకి చెప్పలేదు, అంతే. మా ఊరి జాతరలో మొదటి గంట దాటాక చెరుకురసం రేటు పెంచే పద్ధతే. తేడా ఏంటంటే ఆ చెరుకురసం ఆయన మొహం చూస్తూ పెంచుతాడు, రెండు మాటలు పడతాడు కూడా.

సరే, కట్టాను. పది నెలలు ఎదురుచూశాను. మధ్యలో మళ్లీ మీరు తిరిగొస్తారేమోనని టెన్షన్. ఆఫీసులో ఒక సహోద్యోగి రోజూ అడిగేవాడు, "ఇంకా మాట్లాడుకుంటున్నారా?" అని. మా ఇంట్లోవాళ్ల గురించి కూడా నేనెప్పుడూ అంత ప్రార్థించలేదు.

2025 జూలై 11, శుక్రవారం, మాంచెస్టర్ హీటన్ పార్క్. వాళ్ల సొంతూరు, ఇద్దరూ ఒకే గదిలో పడుకుని పెరిగిన ఊరు. రాత్రి ఎనిమిది దాటినా ఇంకా ఎండే. నా చుట్టూ గుడ్డ టోపీలు, పొట్టలొచ్చిన మగవాళ్లు, వాళ్ల పక్కన వాళ్ల పిల్లలు. ఆ పిల్లల్లో చాలామంది మీరు పారిస్‌లో మంచమెక్కేనాటికి పుట్టనే లేదు. అయినా మాటలన్నీ వాళ్లకే బాగా వచ్చు.

అన్నదమ్ములిద్దరూ చేతులు పట్టుకుని వచ్చారు. పట్టుకున్న చేతులు పైకెత్తారు. పార్కంతా అరిచింది. నేనూ అరిచాను, ఏం అరిచానో తెలీదు, తెలుగులోనే అని మాత్రం గుర్తుంది. ఆ చేతులు వదిలేశాక గంటన్నర పైన నేను గమనించింది ఒక్కటే, మీరెక్కడ కూర్చున్నారా అని. తమ్ముడు ఎప్పట్లాగే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఎత్తుగా ఉన్న మైకుకి మెడ చాచి, అసెంబ్లీలో హెడ్మాస్టర్‌లాగా పాడాడు. ఎండాకాలంలోనూ జిప్పు మెడదాకా లాగిన కోటు. అన్న అటు పక్క తలొంచుకుని గిటార్ తీగల వంక చూస్తున్నాడు. వెనకాల మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్టు కోచ్ గార్డియోలా అట్టబొమ్మ ఒకటి నిలబెట్టారు. స్టేజీ మీద ఎవరి వంకైనా సూటిగా చూసింది ఆ అట్టబొమ్మ ఒక్కటే.

రెండో పాట దగ్గర నాకు మా వసారా గుర్తొచ్చింది. ఆ పాట చరణాలు తమ్ముడు పాడతాడు, పల్లవి అన్న అందుకుంటాడు. మనకి ఒకరికొకరు కావాలి అన్న అర్థం వచ్చే పల్లవి. స్నేహం గురించి రాశాను, మా గురించి కాదు అని అన్న ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మరు. ఇద్దరూ ఎదురుగా ఉన్న జనానికే పాడుతున్నారు, ఒకరి వైపు ఒకరు తిరగడం లేదు. మా నాన్న, బాబాయి పదకొండేళ్లు మాట్లాడుకున్నది సరిగ్గా ఇలాగే. గట్టు మీది కొబ్బరిచెట్టు ఎవరిదన్నది తగాదా. చెట్టు తుఫానుకి పడిపోయింది, తగాదా పడలేదు. వసారాకి ఆ చివర నాన్న, ఈ చివర బాబాయి, మధ్యలో నేను. "కాలవకి నీళ్లొదిలారంట, మీ బాబాయితో చెప్పరా" అనేవాడు నాన్న, ఆరడుగుల దూరంలో కూర్చున్న బాబాయి వినేలాగా. "విన్నానని చెప్పు" అనేవాడు బాబాయి. హీటన్ పార్కులో ఆ మధ్యలో కూర్చున్న పిల్లాడి పని ఎనభై వేల మంది చేశాం.

మా వాళ్ల రాజీ చెల్లెలి పెళ్లిలో అయింది. బాబాయి గాడిపొయ్యి దగ్గర నిలబడి చూస్తున్నాడు. నాన్న వెళ్లి, "పప్పులో ఉప్పు సరిపోయిందంటావా?" అన్నాడు. బాబాయి గరిటెతో చేతిలో వేసుకుని నాకి, "కొంచెం పడాలి" అన్నాడు. అయిపోయింది. క్యూ లేదు, స్క్రీన్ లేదు, చూసింది నేనూ వంటాయనా. ఆ రోజే టికెట్ పెట్టి ఉంటే ఇవాళ నా 355 పౌన్లు వెనక్కొచ్చేవి.

ఆరో పాటకి అందరం స్టేజీకి వీపు తిప్పాం. పక్కవాళ్ల భుజాల మీద చేతులేసుకుని గెంతడం. పోలండ్‌లోని పొజ్నాన్ ఊరి ఫుట్‌బాల్ అభిమానుల దగ్గర మాంచెస్టర్ సిటీ అభిమానులు నేర్చుకున్న పద్ధతి. అంత డబ్బు పోసి చూడ్డానికొచ్చినవాళ్లకి అటు తిరిగి నిలబడటంలో ఇంత హాయి ఉందని నాకు తెలీదు. పదహారేళ్లు మీరు వాళ్లిద్దరినీ ఎందుకు వదల్లేదో ఆ రెండు నిమిషాల్లో అర్థమైంది. మొహం తిప్పుకోవడం భలే బావుంటుందండీ. నా భుజం మీద ఎవరి చెయ్యో తెలీదు, చెమట మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

మిగతా పాటల గురించి పెద్దగా రాయను. ఇరవై మూడు పాటలు, ఊరూరా దాదాపు అదే వరస, సత్యనారాయణ వ్రత కథ లాగా. కథ మారితే మనకీ నచ్చదు. చివర్లో అన్నదమ్ములు ఒకర్నొకరు తట్టుకున్నారు, అప్పు తీరిందా అన్నట్టు. అన్నట్టు, టికెట్ లేనివాళ్లు పక్కన ఒక గుట్టెక్కి ఉచితంగా విన్నారు, దానికి గల్లాగర్ హిల్ అని పేరు కూడా పెట్టారు. తర్వాత అక్కడ కంచె కట్టారు. గట్టు దగ్గర కంచె పడ్డాక మీకు తిరుగుండదని నేను మీకు చెప్పాలా?

ఇంటికొచ్చి చేతులు పట్టుకున్న ముక్క, ఆ తర్వాత పాట మొదలైన ముక్క వరకు కత్తిరించి మా నాన్నకీ బాబాయికీ విడివిడిగా పంపాను. పొద్దున్నకి నాన్న వాయిస్ మెసేజ్ ఉంది. "అన్న పక్కనుండగా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడేంట్రా ఆ చిన్నవాడు? ముందుకి కట్టుకోవాలి కదా. మీ బాబాయికి చూపించు." కింద బాబాయిది. "పెద్దవాడు ముందు దిగొచ్చినట్టున్నాడే. మీ నాన్నకి పంపావా, లేదా?"

వసారాకి ఆ చివరా ఈ చివరా కూర్చునే ఇద్దరూ పంపి ఉంటారు. వెనకాల ఒకే కాకి అరుపు వినిపించింది.

ఇట్లు,
రసీదు ఇంకా జాగ్రత్త చేసుకున్న
మీ పాత పరిచయస్తుడు

తా.క.: మా ఇంటి తాళంచెవి ఒకటి మీ దగ్గరే ఉండిపోయినట్టుంది.